అరికాలి మంట

మా ఇంటికి వచ్చేవాళ్ళకి పేర్లుండవు, అవయవాలే ఉంటాయి.

"మోకాలు వచ్చిందా?" అని అడుగుతాడు మా ఆయన.

"వచ్చింది. పక్కనే మెడ కూడా కూర్చుంది. ఇద్దరూ కబుర్లలో పడ్డారు" అంటాను నేను.

కొత్తవాళ్ళు వింటే మా ఇద్దరికీ మతి చెడిందనుకుంటారు. మోకాలంటే బస్సులు నడిపి రిటైరైన పెద్దాయన. మెడ అంటే పొద్దస్తమానం కంప్యూటరుకేసి వంగి కూర్చునే బ్యాంకు అమ్మాయి. మా ఆయన ఫిజియోథెరపిస్టు. ఇంటి ముందుగదే ఆయన క్లినిక్కు. అందులో ఒక ఎత్తు మంచం, గోడకి కట్టిన రబ్బరు పట్టీలు, పట్టుకుని నడవడానికి రెండు ఇనప కమ్మీలు, ఓ మూల కాపడానికి మైనం కరిగించే పెట్టె ఉంటాయి. ఆ గదికీ ఇంటికీ మధ్య ఒక్కటే తలుపు. తలుపుకి ఇవతల మా కాపురం.

ఆయనది కాళ్ళ వ్యాపారమైతే నాది తలల వ్యాపారం. వీధి చివరున్న పార్లరులో ఆడవాళ్ళ జుట్టు కత్తిరిస్తాను. పొద్దున షట్టరు లేపిన దగ్గర్నుంచి సాయంత్రం దింపేదాకా చలవరాతి గచ్చు మీద నిలబడే ఉంటాను. నా చేతికింద తల వంచని ఆడది ఈ చుట్టుపక్కల లేదు. మా ఆయన చేతిలో కాలు పెట్టని మనిషీ లేడు. ఇద్దరం కలిసి జనాన్ని అడుగు నుంచి నెత్తి దాకా పంచేసుకున్నామని మా ఆడపడుచు వేళాకోళం చేస్తుంటుంది.

మా ఆయన గొప్పతనమంతా చేతుల్లో ఉందంటారు అందరూ. వాళ్ళకి తెలీదు, అది చెవుల్లో ఉంది. ఎవరైనా బయట మెట్లెక్కుతుంటే చాలు, టీ తాగుతున్నవాడల్లా కప్పు ఆపి వింటాడు. "కుడి మోకాలు. నిన్నటికంటే నయం, మెట్ల కమ్మీ పట్టుకోకుండా ఎక్కుతున్నాడు" అంటాడు. లేకపోతే "ఇదెవరో కొత్తవాళ్ళు. తుంటి" అంటాడు. తలుపు తీసి చూస్తే అక్షరాలా అంతే. పెళ్ళైన కొత్తలో మా పుట్టింటివాళ్ళందరి ముందూ దీన్ని గారడీలా ప్రదర్శించి మురిసిపోయేదాన్ని. మా పెదనాన్నని పిలిపించి గుమ్మం బయట అటూ ఇటూ నడిపించాను కూడా. ఆయన ఎడమకాలికి బొటనవేలి దగ్గర ఆనె ఉందని మా ఆయన కళ్ళు మూసుకుని చెప్పాడు. మా పెదనాన్న అప్పటికప్పుడు మేజోడు విప్పి చూపించాడు.

ఆ చెవులే నా కొంప ముంచాయి.

ఎండలు ముదురుతున్న రోజుల్లో నా కుడి మడమలో నొప్పి మొదలైంది. పొద్దున్నే మంచం దిగి కాలు నేలకి ఆనించగానే మడమ అడుగున, లోపలి వైపుగా మేకు దిగినట్టుండేది. గోడ పట్టుకుని, మునివేళ్ళ మీద వంటింటిదాకా చేరేదాన్ని. టీ మరిగేసరికి నొప్పి కాస్త సర్దుకునేది. పార్లరులో కాసేపు కూర్చుని మళ్ళీ లేస్తే మళ్ళీ అదే మేకు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అరికాలంతా భగభగమని మండేది. చీలమండా మోకాలూ బెణికితే జనం గాభరా పడతారు గానీ, పైకి వాపూ లేక, రంగూ మారక, కట్టూ కట్టించుకోని మడమని ఎవరు పట్టించుకుంటారు?

మొగుడు ఫిజియో అయి ఉండి చెప్పుకోడానికేం రోగం అంటారా? అదే చెప్తున్నాను. వీధిలో అందరి అడుగులూ వినబడే మనిషికి, పక్కగదిలో తిరిగే పెళ్ళాం అడుగు వినబడదా? వినబడాలి. తనంతట తానే తలుపు తీసుకుని వచ్చి "నీ కాలికేమైంది?" అని అడగాలి. అప్పటిదాకా నోరు విప్పేది లేదని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. చెప్పుకుని చూపించుకోడానికి నేనేమైనా మోకాలునా, మెడనా?

పొద్దున నా తొలి అడుగులు ఆయన వినే వీలు లేదు. ఆఫీసులకి వెళ్ళేవాళ్ళ కోసం తెల్లారకుండానే క్లినిక్కు తెరుస్తాడు. నేను లేచేసరికి అవతల ఎవరి భుజమో తిప్పుతుంటాడు. సాయంత్రాలు మాత్రం తలుపుకి ఇవతల నేను వంటింటికీ పడగ్గదికీ కుంటుతూనే తిరిగేదాన్ని. బరువంతా ఎడమకాలి మీద వేసి, కుడి మడమ ఆననివ్వకుండా. ఇవాళ వింటాడు, రేపు వింటాడు అని ఎదురుచూశాను.

సరిగ్గా అప్పుడే దిగింది చీలమండ.

ఆవిడ బళ్ళో ఆటల టీచరు. పిల్లలకి దూరం దూకడం ఎలాగో చూపించబోయి ఇసకలో కాకుండా గట్టు మీద పడింది. పాదం లోపలికి మడతపడి, ఎడమకాలి చీలమండ బయటివైపు నరాలు చిట్లాయి. ఎముక విరగలేదు. మా ఆయన వాటిని స్నాయువులంటాడు, ఎముకనీ ఎముకనీ కలిపి కట్టే తాళ్ళలాంటివట. మొదటిరోజు సాయంత్రం చంక కర్రల మీద వచ్చింది. చీలమండ వంకాయ రంగులోకి తిరిగి, ఏది మడమో ఏది పాదమో తెలియకుండా వాచిపోయింది. నేనే చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాను. పాపం అనుకున్నాను కూడా. ఆ పాపం నేను వంటింట్లోకి వెళ్ళేదాకానే నిలిచింది.

తలుపు అవతల నుంచి మా ఆయన గొంతు వినబడింది. "భయం లేదు. మన కాలు మెల్లగా కింద పెడదాం. ఆ, అంతే. మన చీలమండ చెప్పిన మాట వింటుంది."

మన కాలు!

నా చేతిలో గరిటె అక్కడే ఆగిపోయింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో నా ఒంట్లో ఏ భాగాన్నీ ఆయన మన అనలేదు. నీ తలనొప్పి, నీ జలుబు, నీ కోపం. అన్నీ నావే. ఎవరో ఆటల టీచరు కాలు మాత్రం ఇద్దరిదీ అట.

ఇక ఆ రోజు నుంచి నా చెవులు కూడా ఆయన చెవుల్లా తయారయ్యాయి. చేసేది వంటైనా వినేది తలుపవతలి మాటలే. వాపు తగ్గాక కాలు ఆడించడానికి ఆవిడ చేత బొటనవేలితో గాలిలో అక్షరాలు రాయించాడు. "అ రాయండి. బావుంది. ఇప్పుడు ఆ." పెద్దదానికి ఓనమాలు దిద్దిస్తున్నాడు. "మన కాలితో ఋ రాయగలమా, చూద్దాం?" అన్నాడు. ఆవిడ ప్రయత్నించింది కాబోలు, ఇద్దరూ ఫక్కున నవ్వారు. ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండిపోయింది. నా కడుపులో అసూయ తప్ప మరేమీ లేదని ఇప్పుడు చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. అప్పుడూ లేదు. ఆ కాలు నాదై, ఆ ఋ నేను రాస్తే ఎంత బావుండేదో అనిపించింది.

భోజనం దగ్గర కూడా అదే గోల.

"చీలమండ ఇవాళ ఒంటికాలి మీద నిలబడిందోయ్" అన్నాడు, తన కూతురు బళ్ళో ఫస్టొచ్చినంత సంబరంగా.

"నేను రోజంతా రెండు కాళ్ళ మీదా నిలబడుతున్నాను. ఎవరూ చప్పట్లు కొట్టట్లేదు" అన్నాను.

ఆయన కంచంలోకి చూస్తూ మాట మార్చేశాడు.

పుండు మీద కారం చల్లినట్టు, ఒకరోజు తలుపు తీసుకుని వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్జులో ఐసు ట్రే మొత్తం తీసుకుపోయాడు. ఆ ఐసు నేను దాచుకున్నది. ఆయన పడుకున్నాక గుడ్డలో చుట్టి మడమకి పెట్టుకుందామని పొద్దున్నే నీళ్ళు పోసి పెట్టాను. ఇంకోరోజు నేను కూరగాయలు తరిగేటప్పుడు కూర్చునే చిన్న పీట కనబడలేదు. తలుపు సందులోంచి చూస్తే దాని మీద మెత్తటి దిండూ, దిండు మీద ఆవిడ పాదమూ ఉన్నాయి. ఆ పూట నిలబడే తరిగాను. అరికాలి మంట నెత్తికెక్కిందని ఎవరికైనా కోపమొస్తే అంటారు చూశారా, నాకది మాట వరసకి కాదు, నిజంగానే కింద నుంచి పైదాకా ఎక్కింది.

అప్పటి నుంచి నేను కుంటడం దాచుకోలేదు సరికదా, కావాలనే ఎడమకాలు ధన్‌మని వేసేదాన్ని. ధన్, టిక్. ధన్, టిక్. చెవిటివాడికి కూడా వినబడాలి. గిన్నెలు దించితే మోత, తలుపు మూస్తే మోత. తమాషా ఏమిటంటే, నేను ఎంత గట్టిగా నడిస్తే అవతల వాళ్ళు అంత మెల్లగా మాట్లాడుకునేవారు. కొన్నాళ్ళకి గుసగుసల్లోకి దిగారు. మా ఆయన క్లినిక్కు మూసే వేళ దాటినా ఆ గదిలోంచి బయటికొచ్చేవాడు కాదు. ఒక్కడే కూర్చుని రబ్బరు పట్టీలు చుట్టలు చుడుతుండేవాడు. నేను పడగ్గదిలోకి వస్తే ఆయన బయటికి, నేను బయటికొస్తే ఆయన పడగ్గదిలోకి. ఇంక నాకు అనుమానమేముంది? గుసగుసలంటే ఏమిటో చిన్నపిల్లకైనా తెలుసు. పోయింది, నా మొగుడు చేజారిపోయాడు అనుకున్నాను. ఒక సాయంత్రం సింకు దగ్గర కుళాయి విప్పేసి, ఆ చప్పుడులో ఏడ్చాను కూడా.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం పార్లరు తలుపు తోసుకుని చీలమండ లోపలికొచ్చింది. చంక కర్రలు లేవు. చీలమండకి బిగుతు పట్టీ, కాళ్ళకి మందపాటి బూట్లు.

"అక్కా, జుట్టు బాగా పొట్టిగా కత్తిరించాలి. మళ్ళీ గ్రౌండులోకి దిగుతున్నాను" అంది.

ఆవిడ నా కుర్చీలో కూర్చుంది. మెడ చుట్టూ గుడ్డ కట్టాను. కత్తెర నా చేతిలో ఉంది, ఆవిడ జుట్టు నా పిడికిట్లో ఉంది. ఒక్క క్షణం నా మనసులో ఏ పాడు ఆలోచనా రాలేదని అంటే అబద్ధమే అవుతుంది. ముందువైపు కాస్త ఎగుడుదిగుడుగా కత్తిరించి పంపిస్తే ఏ గ్రౌండులోకి దిగుతుందో చూద్దామనిపించింది. కానీ చేతికి వచ్చిన విద్య, చెడగొట్టడానికి మనసొప్పదు. కుర్చీ ఎత్తు పెంచడానికి కింద ఉన్న మీటని, కుడికాలి మునివేళ్ళ మీద నిలబడి, ఎడమకాలితో తొక్కడం మొదలుపెట్టాను.

ఆవిడ అద్దంలోంచి నన్నే చూస్తోంది.

"ఆ మీట కుడివైపు కదా ఉంది? చుట్టూ తిరిగి వెళ్ళి ఎడమకాలితో ఎందుకు తొక్కుతున్నారక్కా?"

"నా ఇష్టం" అన్నాను.

నేను కత్తిరిస్తూ అటూ ఇటూ జరుగుతున్నాను. వెనక నుంచి ముందుకొచ్చినప్పుడల్లా ఆవిడ కళ్ళు అద్దంలో నా కాళ్ళ వెంటే తిరుగుతున్నాయి. మధ్యలో స్ప్రే సీసా కోసం స్టూలు మీద కూర్చుని అడుగు సొరుగు వెతికి మళ్ళీ లేచాను. మేకు దిగింది. పళ్ళు బిగబట్టాను.

"పొద్దున్నే మంచం దిగగానే కూడా ఇలాగే ఉంటుందా?" అని అడిగింది.

నా కత్తెర ఆగిపోయింది.

"మడమ కింద, లోపలివైపు. నడుస్తుంటే తగ్గుతుంది, కూర్చుని లేస్తే మళ్ళీ వస్తుంది. అవునా? మా బళ్ళో పరిగెత్తే పిల్లలకి వస్తుంటుంది. నాకూ ఒకసారి వచ్చింది. అరికాలంతా పరుచుకుని ఒక పట్టీ ఉంటుంది కదా, అది మడమ దగ్గర లాగేసుకుంటుందన్నమాట. సార్‌కి చూపించలేదా?"

ఎవరి నోటి వెంట ఆ ప్రశ్న రావాలని నేను ఇన్నాళ్ళూ చెవులు రిక్కించుకుని కూర్చున్నానో, ఆ నోటి వెంట రాలేదు. ఎవరి వెంట రాకూడదో వాళ్ళ వెంట వచ్చింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నొప్పికో, ఉక్రోషానికో నాకే తెలీలేదు.

"చూపించను. నువ్వు కూడా చెప్పడానికి వీల్లేదు" అన్నాను. మీరు కాస్తా నువ్వు అయిపోయింది.

"సరే, చెప్పను. అయితే నేను చెప్పినట్టు చెయ్యాలి" అంది.

సగం కత్తిరించిన తలతో, మెడకి గుడ్డతో, కుర్చీలోంచి దిగి నాకు నేర్పింది. పొద్దున మంచం మీద నుంచే, కాలు కింద పెట్టకముందే, తువ్వాలు పాదానికి తగిలించి వేళ్ళని ఒంటివైపు లాక్కోవాలి. గోడకి రెండు చేతులూ ఆనించి, కాలు వెనక్కి చాపి, పిక్క సాగదియ్యాలి. సాయంత్రం నీళ్ళ సీసా గడ్డకట్టించి, కుర్చీలో కూర్చుని, అరికాలి కింద దొర్లించాలి. పల్చటి స్లిప్పర్లు అవతల పారేసి, మడమ కింద మెత్తగా ఉండేవి వేసుకోవాలి. చలవరాయి మీద ఉత్తకాళ్ళతో నిలబడకూడదు.

"మన మడమ నిద్రలో ముడుచుకుపోతుందక్కా. దాన్ని పక్క మీదే మేలుకొలిపి, అప్పుడు నేల మీద పెట్టాలి" అంది.

మన మడమ. మా ఆయన దగ్గర నేర్చుకున్న మాట. ఎట్టకేలకి నా కాలు కూడా మన అయింది గానీ, అన్నది మాత్రం ఈవిడ. నవ్వాలో ఏడవాలో తెలీక, ఆవిణ్ణి మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టి మిగతా సగం కత్తిరించాను. చాలా బాగా కుదిరింది. ఆవిడ అందంగా కూడా ఉంది. అదొకటి.

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "అవునక్కా, సార్ ఈమధ్య మా అందరితోనూ గుసగుసగా మాట్లాడుతున్నారేమిటి? మోకాలు తాతగారికి అసలు వినబడక ఎడమకాలి బదులు కుడికాలు ఎత్తుతున్నారు" అంది.

అందరితోనూనా? ఆ మాట నాకు కాస్త ఊరటనిచ్చింది. అర్థం మాత్రం కాలేదు.

ఆవిడ చెప్పినవన్నీ చేశాను. తగ్గకూడదని మనసులో కోరుకుంటూనే చేశాను. పాడు మడమ, నా మాట వినలేదు, తగ్గడం మొదలెట్టింది. పొద్దున మేకు కాస్తా ముల్లయింది. కొన్ని వారాలకి సాయంత్రం మంట కూడా చల్లారింది. మందపాటి చెప్పులతో ఇంట్లో మామూలుగా, చప్పుడు లేకుండా తిరగసాగాను. అరికాలి మంట తగ్గితే నెత్తిది కూడా తగ్గాలి కదా? అది మాత్రం తగ్గలేదు. ఒకటే బాధ. తగ్గిపోతే ఇంక ఆయన వినేదేముంది? నా కుంటి నడక నాతోనే పుట్టి నాతోనే పోతుంది, మొగుడి చెవిన పడకుండా.

ఒక ఆదివారం మధ్యాహ్నం బట్టలు మడతపెడుతున్నాను. మా ఆయన గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. లోపలికి రావడానికి అనుమతి కావాలన్నట్టు ఓ చెయ్యి తలుపు మీద వేశాడు.

"తగ్గిందా?" అన్నాడు.

విన్నాడు! ఆలస్యంగానైనా విన్నాడు.

"ఏది తగ్గిందా?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"కోపం."

"ఏం కోపం?"

"అదేనోయ్. ఎండల్లో మొదలైంది కదా. ధన్ ధన్‌మని నడిచేదానివి. రోజురోజుకీ ఎక్కువైంది. ఏం తప్పు చేశానో తెలీక చచ్చిపోయాను అనుకో. పేషెంట్ల చప్పుడు నీకు చిరాగ్గా ఉందేమోనని అందరితో మెల్లగా మాట్లాడాను. నీ కంటపడకుండా అవతలే కూర్చున్నాను. ఈ వారం నుంచి నడక మెత్తబడింది. హమ్మయ్య, కోపం తగ్గిందనుకున్నాను."

నా చేతిలో చొక్కా కింద పడింది.

విన్నాడు. మొదటిరోజు నుంచీ విన్నాడు. ఒక్క అడుగు పొల్లుపోకుండా విన్నాడు. ఎవరో మెట్లెక్కుతుంటే అది తుంటా మోకాలా అని చెప్పగల మహానుభావుడు, పెళ్ళాం అడుగు తేడాగా పడితే అది కోపమని తేల్చేశాడు!

"అది కోపం కాదండీ. మడమ" అన్నాను.

"మడమేంటి?"

"నా కుడి మడమ! పొద్దున లేస్తే మేకు దిగినట్టుండేది. బరువు ఎడమకాలి మీద వేస్తే అది ధన్‌మంది. అంతే."

నేను ఇన్నాళ్ళూ వేసిన అడుగులన్నీ ఆయన చెవుల్లో తిరిగి మోగుతున్నట్టున్నాయి. పెదవులు కదిలాయి. ధన్, టిక్. ధన్, టిక్. మొహం పాలిపోయింది.

"కుడి మడమ ఆనలేదు. అయ్యో, అడుగు పొట్టిగా పడేది... ఎంత స్పష్టంగా..." అని మంచం మీద కూలబడ్డాడు. "మరి ఎలా తగ్గింది? ఎవరు చూశారు?"

"మీ చీలమండ."

ఆ మాట చెప్పడంలో ఉన్న రుచి ఇంతా అంతా కాదు.

"ఆవిడా?" ఆయన లేచి నిలబడ్డాడు. "ఆవిడకేం తెలుసు? ఏం చేయించింది? తువ్వాలుతో పాదం లాగించిందా? లాగేటప్పుడు మోకాలు వంచావా, చాపావా?"

"చాపాను."

"సరే. పిక్క సాగదీసేటప్పుడు మడమ నేలకి ఆనించమందా?"

"ఆనించమంది."

"గడ్డకట్టిన సీసా కూడానా? నిలబడి తొక్కావా, కూర్చునా?"

"నిలబడి."

"చూశావా!" అని అరిచాడు. క్లినిక్కులో ఎన్నడూ వినని గొంతు అది. "కూర్చుని చెయ్యాలి! ఒళ్ళంతా దాని మీద మోపుతారా ఎవరైనా? తెలిసీ తెలియని వైద్యం! ఆటలు నేర్పుకోక ఆవిడకెందుకివన్నీ?"

"ఆవిడ కూర్చునే చెయ్యమంది. నేనే కోపంలో నిలబడి తొక్కాను."

ఆయన చల్లబడిపోయాడు. చెవుల చివర్లు ఎర్రగా కందాయి. ఇన్నాళ్ళూ నా కడుపులో రగిలినదేదో ఇప్పుడు ఆయన మొహంలో కనబడుతోంది. నేను ఆ ఎరుపుని కళ్ళారా చూసుకున్నాను. పాపమనిపించలేదు.

"నాతో ఒక్క మాట చెప్తే సరిపోయేదిగా" అన్నాడు చివరికి. "నా ఇంట్లో మనిషి, నా పేషెంటు దగ్గర వైద్యం చేయించుకుందంటే... నాకెలా ఉంటుందో ఆలోచించావా?"

"చెప్తే మోకాలు తాతగారిక్కూడా తగ్గిస్తారు. నేను చెప్పకుండా మీకు తెలియాలనుకున్నాను."

ఇన్నాళ్ళూ లోపల దాచుకున్నది కూడా అడిగేశాను.

"వాళ్ళందరితో మన కాలు, మన చీలమండ అంటారే. నాతో ఎప్పుడూ అలా అనరేం?"

"అలా అంటానా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మీ కాలు ఎత్తండి అంటే భయపడి బిగుసుకుపోతారు. మన అంటే సగం బరువు నేను మోస్తున్నాననుకుని వదులుతారు. కాలేజీలో నేర్పిన మాట అది. నేర్పిన మాటలు తెచ్చి నీ దగ్గర మాట్లాడితే నువ్వు ఊరుకుంటావా?"

ఊరుకోను. అది నిజమే. కానీ ఒప్పుకోవడానికి ఇంకా మనసు రాలేదు.

"ఏదీ, కాలు చూడనీ" అని వంగాడు.

నేను కాలు వెనక్కి తీసుకున్నాను. "ఇప్పుడేం కనబడదు. తగ్గిపోయింది. పొద్దున మొదటి అడుగు దగ్గర తప్ప."

ఆయన పడిపోయిన చొక్కా తీసి తనే వంకరటింకరగా మడతపెట్టాడు.

మర్నాడు తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. పక్కన మా ఆయన లేడు, ఎప్పటిలాగే వెళ్ళిపోయాడనుకున్నాను. అటు తిరిగి చూస్తే నేల మీద కూర్చుని ఉన్నాడు, మంచానికి వీపు ఆనించి. ముందుగది తలుపు గడియ ఇంకా తియ్యలేదు.

"ఏమిటిది? అవతల ఎవరూ రాలేదా?"

"వస్తారులే. కాలు కింద పెట్టు, విననీ."

తువ్వాలు తలగడ పక్కనే ఉంది. రోజూ కళ్ళు తెరవగానే అందుకునేదాన్ని. ఆ రోజు దాన్ని ముట్టుకోలేదు. వింటే మొత్తం విననీ అనుకున్నాను. కుడికాలు గచ్చు మీద పెట్టి బరువు వేశాను. ముల్లు దిగింది, అబ్బా అన్నాను. ఎడమకాలు ధన్‌మంది. మళ్ళీ కుడికాలు. గోడ దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఆయన కళ్ళు మూసుకుని, తల కాస్త వంచి, ఊపిరి కూడా పీల్చకుండా వింటున్నాడు. మా పెదనాన్న నడకని కూడా అంత శ్రద్ధగా వినలేదు.

నేను ఆయన ఎదుట వచ్చి నిలబడ్డాను.

"చెప్పండి. ఇది నొప్పా, కోపమా?"

కళ్ళు తెరిచాడు. తప్పు చెప్తే ఈసారి గండం గడవదని తెలిసినవాడిలా కాసేపు ఆలోచించాడు.

"రెండూ" అన్నాడు.

మంచం మీద కూర్చుని కాలు ఆయన ఒళ్ళో పెట్టాను. రెండు చేతులతో మడమ పట్టుకుని, బొటనవేలితో సరిగ్గా ఆ చోటే నొక్కాడు. ఊళ్ళో అందరి కాళ్ళూ పట్టిన చేతులవి. ఆ సంగతి నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా. బయట మెట్ల మీద ఎవరో ఎక్కుతున్న చప్పుడైంది. తర్వాత బెల్లు మోగింది.

"ఎవరండీ అది?" అని అడిగాను.

ఆయన తల ఎత్తలేదు.

"ఏమో, వినలేదు" అన్నాడు.